సింథటిక్ కెనాబినాయిడ్ల దుర్వినియోగ సంభావ్యతను ఎలా అంచనా వేస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

సింథటిక్ కెనాబినాయిడ్ అంటే ఏమిటి? ఇది గంజాయికి మరో రూపమా?

గంజాయి మొక్కలో మత్తు కలిగించే ప్రధాన పదార్థం టీహెచ్‌సీ. అది మెదడులోని సీబీ1 అనే గ్రాహకానికి (కణాల మీద రసాయన సంకేతాలను అందుకునే భాగానికి) అతుక్కుని పనిచేస్తుంది. అదే గ్రాహకానికి అతుక్కునేలా ప్రయోగశాలలో తయారుచేసిన రసాయనాలను సింథటిక్ కెనాబినాయిడ్లు అంటారు. వీటిలో చాలావాటి రసాయన నిర్మాణానికీ టీహెచ్‌సీ నిర్మాణానికీ పోలికే ఉండదు. తాళం ఒక్కటే, తాళంచెవులు వేరు. పత్రికలలో కనిపించే "కృత్రిమ గంజాయి" అన్న పేరు ఇందుకే తప్పుదోవ పట్టిస్తుంది. ఎండిన ఏదో ఆకు మీద రసాయనాన్ని చల్లి గంజాయిలా కనిపించేట్టు పొట్లం కట్టినంత మాత్రాన అందులో గంజాయి గుణాలు ఉండవు, గంజాయికి ఉన్న పరిమితులు కూడా ఉండవు.

ప్రయోగశాల రసాయనాలు వీధిలోకి ఎలా వచ్చాయి?

వీటిని మొదట తయారుచేసిన వారి ఉద్దేశం మత్తు వ్యాపారం కాదు. మెదడులో ఈ గ్రాహకాలు ఎలా పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికి, నొప్పి నివారణకు కొత్త మందులు వెతకడానికి ఈ పరిశోధన సాగింది. అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో ఉన్న క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో జాన్ హఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం 1990లలో ఇటువంటి సమ్మేళనాలను పెద్ద సంఖ్యలో తయారుచేసి, వాటి వివరాలను శాస్త్ర పత్రికలలో ప్రచురించింది. వాటిలో ఒకటైన జేడబ్ల్యూహెచ్-018 పేరులోని మొదటి మూడు అక్షరాలు ఆయన పేరు పొడి అక్షరాలే. ఆ పత్రాలు అందరికీ అందుబాటులో ఉండటంతో, ఎక్కడో కూర్చున్న తయారీదారులు వాటిని వంటపుస్తకంలా వాడుకున్నారు. యూరప్‌లో "స్పైస్" పేరుతో అమ్ముడవుతున్న "మూలికా ధూపం" పొట్లాలలో జేడబ్ల్యూహెచ్-018 ఉన్నట్టు 2008 డిసెంబరులో జర్మనీలో బయటపడింది. మరుసటి నెలలోనే ఆ దేశం దాన్ని నిషేధించింది. అప్పటినుంచి యూరప్ మాదకద్రవ్యాల పర్యవేక్షణ సంస్థ దృష్టికి వచ్చిన సింథటిక్ కెనాబినాయిడ్ల సంఖ్య 250 దాటింది.

"దుర్వినియోగ సంభావ్యత" అన్న మాటకు సరైన అర్థం ఏమిటి?

ఒక పదార్థాన్ని వైద్య అవసరం లేకుండా, అది మనసు మీద కలిగించే ప్రభావం కోసం, మనుషులు మళ్లీ మళ్లీ తీసుకునే అవకాశం ఎంత అన్నదే ఈ మాటకు అర్థం. దీన్ని మరో రెండు విషయాలతో కలిపేయడం తరచుగా జరుగుతుంది. మొదటిది విషప్రభావం. ఎలుకల మందు ప్రాణం తీస్తుంది, అయినా దాని కోసం ఎవరూ తహతహలాడరు కనుక దానికి దుర్వినియోగ సంభావ్యత లేదు. రెండవది శారీరకంగా ఆధారపడటం. కొన్ని రక్తపోటు మందులను హఠాత్తుగా ఆపితే శరీరం ఎదురుతిరుగుతుంది, కాని వాటిని ఎవరూ సరదా కోసం మింగరు. సింథటిక్ కెనాబినాయిడ్లలో ఈ మూడూ ఒకేచోట చేరాయి. వాటిని విడదీసి కొలవడం అవసరమూ కష్టమూ కావడానికి కారణం అదే.

చట్టం ఏయే అంశాలను చూడమంటుంది?

ఈ విషయంలో అందరికంటే వివరమైన పద్ధతి అమెరికాది. అక్కడి నియంత్రిత పదార్థాల చట్టం ఒక పదార్థాన్ని జాబితాలో చేర్చే ముందు ఎనిమిది అంశాలను పరిశీలించాలంటుంది. దాని దుర్వినియోగ సంభావ్యత, శరీరం మీద దాని ప్రభావానికి ఉన్న శాస్త్రీయ సాక్ష్యం, దాని గురించి శాస్త్రానికి ఇప్పటివరకు తెలిసినది, దుర్వినియోగం చరిత్ర, అది ఎంత విస్తృతంగా ఎంతకాలంగా సాగుతోంది అన్నది, ప్రజారోగ్యానికి ముప్పు, మనసూ శరీరమూ దాని మీద ఆధారపడే అవకాశం, చివరిగా అది ఇప్పటికే నియంత్రణలో ఉన్న మరో పదార్థానికి ముడిసరుకా అన్నది. శాస్త్రీయ, వైద్య మూల్యాంకనం ఆరోగ్య శాఖ పని. ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని సిద్ధం చేస్తుంది. ఆ శాస్త్రీయ అభిప్రాయానికి మాదకద్రవ్య నిరోధక సంస్థ కట్టుబడి ఉండాలి. నియంత్రణ అక్కర్లేదని ఆరోగ్య శాఖ చెబితే పోలీసు విభాగం తనంతట తాను నియంత్రించలేదు. మత్తు పదార్థాల విషయంలో చివరి మాట పోలీసులదే అనుకునే మనకు ఈ ఏర్పాటు కొంత ఆశ్చర్యం కలిగించవచ్చు.

అంతర్జాతీయంగా ఈ పని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీది. జేడబ్ల్యూహెచ్-018ను ఆ కమిటీ 2014లో సమీక్షించగా, 2015 మార్చిలో అది 1971 నాటి మనఃప్రభావక పదార్థాల ఒప్పందం రెండవ షెడ్యూలులో చేరింది.

గ్రాహకానికి అతుక్కుంటుందని తేలితే సరిపోదా?

సరిపోదు, కాని పని అక్కడే మొదలవుతుంది. గ్రాహకానికి ఒక పదార్థం ఎంత గట్టిగా అతుక్కుంటుందో పరీక్షనాళికలో కొలుస్తారు. ఈ కొలతలో అంకె ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది. సీబీ1 విషయంలో హఫ్‌మన్ బృందం ప్రచురించిన విలువలు టీహెచ్‌సీకి సుమారు 41 నానోమోలార్, జేడబ్ల్యూహెచ్-018కి సుమారు 9. అంటే పట్టు నాలుగు రెట్లకు పైగా ఎక్కువ.

పట్టు మాత్రం చూస్తే మోసపోతాం. గ్రాహకానికి గట్టిగా అతుక్కుని దాన్ని పనిచేయనివ్వకుండా అడ్డుకునే పదార్థాలూ ఉంటాయి. ఒకప్పుడు ఊబకాయానికి మందుగా వచ్చిన రిమోనబాంట్ అటువంటిదే. అందువల్ల అతుక్కున్న తరువాత గ్రాహకం మేలుకుంటుందా, మేలుకుంటే ఎంతమేరకు అన్నది మరో పరీక్షలో చూస్తారు. టీహెచ్‌సీ పాక్షిక ఉత్తేజకం మాత్రమే. మోతాదు ఎంత పెంచినా అది గ్రాహకం చేత ఒక హద్దు దాటి పనిచేయించలేదు. వీధిలోకి వచ్చిన సింథటిక్ కెనాబినాయిడ్లలో అత్యధికం పూర్ణ ఉత్తేజకాలు కనుక వాటికి ఆ హద్దు లేదు. ఈ ఒక్క తేడాలోనే మిగిలిన కథ చాలావరకు ఇమిడి ఉందని నా అభిప్రాయం. పైగా టీహెచ్‌సీ కాలేయంలో చివరకు పనిచేయని పదార్థంగా మారి బయటకు పోతుంది. జేడబ్ల్యూహెచ్-018 విరిగినప్పుడు పుట్టే పదార్థాలలో కొన్నింటికి మాత్రం గ్రాహకాన్ని మేల్కొలిపే శక్తి ఇంకా మిగిలే ఉంటుంది.

అమెరికా కాంగ్రెస్ 2012లో చేసిన చట్టంలో ఈ రెండు పరీక్షల ప్రస్తావన నేరుగా ఉంది. ఐదు రసాయన కుటుంబాలలో దేనికైనా చెందిన పదార్థం, సీబీ1 గ్రాహకాన్ని ఉత్తేజపరుస్తుందని బంధన పరీక్షలోనూ పనితీరు పరీక్షలోనూ రుజువైతే, నియంత్రిత పదార్థమే అవుతుంది. ప్రయోగశాల పరీక్ష ఇలా నేర నిర్వచనంలో భాగం కావడం అరుదు.

చుంచెలుకల "నాలుగు లక్షణాల పరీక్ష" అంటే ఏమిటి?

వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయంలో బిల్లీ మార్టిన్, ఆయన సహచరులు ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పదార్థాన్ని ఇచ్చాక చుంచెలుక కదలికలు తగ్గాయా, ఒంటి వేడి పడిపోయిందా, తోకకు వేడి తగిలినా ఆలస్యంగా లాక్కుంటోందా, ఏ భంగిమలో ఉంచితే ఆ భంగిమలో కొయ్యబారి ఉండిపోతోందా అని చూస్తారు. నాలుగూ కలిసి కనిపిస్తే అది సీబీ1 ద్వారా పనిచేస్తున్న కెనాబినాయిడ్ అనడానికి బలమైన సూచన. ఇతర జాతుల మందులు కూడా వీటిలో ఒకటో రెండో లక్షణాలను కలిగించగలవు. అందుకని రిమోనబాంట్ ముందుగా ఇచ్చి, ఆ లక్షణాలు రాకుండా పోయాయో లేదో కూడా చూస్తారు. ఈ పరీక్ష చవకైనది, త్వరగా పూర్తవుతుంది. అయితే చుంచెలుకకు ఆ స్థితి నచ్చిందా లేదా అన్న ప్రశ్నకు ఇందులో జవాబు దొరకదు.

"ఇది గంజాయి మత్తులాంటిదే" అని ఎలుక చెప్పగలదా?

ఒక విధంగా చెప్పగలదు. ఈ రంగంలో అతి ముఖ్యమైన సాక్ష్యం ఇక్కడినుంచే వస్తుంది. దీన్ని మందులను గుర్తుపట్టే పరీక్ష అనవచ్చు. ఎలుకను రెండు మీటలున్న పెట్టెలో ఉంచుతారు. టీహెచ్‌సీ సూది ఇచ్చిన రోజున ఒక మీట నొక్కితేనే ఆహారం వస్తుంది. మందు లేని ద్రావణం ఇచ్చిన రోజున రెండో మీట నొక్కితేనే వస్తుంది. ఏ రోజు ఏ సూది వేశారో ఎలుకకు తెలిసే మార్గం దాని లోపల కలిగే అనుభూతి ఒక్కటే. వారాల తరబడి శిక్షణ ఇచ్చాక ఎలుక ఆ అనుభూతిని నమ్మకంగా గుర్తుపట్టడం నేర్చుకుంటుంది.

ఆ తరువాత దానికి ఎన్నడూ ఇవ్వని కొత్త పదార్థం ఇస్తారు. నొక్కుళ్లలో సాధారణంగా 80 శాతం లేదా అంతకుమించి టీహెచ్‌సీ మీట మీదే పడితే, ఆ పదార్థం టీహెచ్‌సీకి పూర్తి ప్రత్యామ్నాయంగా అనిపించినట్టు లెక్క. జేడబ్ల్యూహెచ్-018 మొదలుకొని ఆ తరువాత వచ్చిన అనేక సమ్మేళనాలు ఈ పరీక్షలో పూర్తి ప్రత్యామ్నాయాలుగానే తేలాయి, అదీ చాలావరకు టీహెచ్‌సీ కంటే తక్కువ మోతాదులలో. టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో ఒక పరిశోధక బృందం వీధిలో కొత్తగా కనిపించిన సమ్మేళనాలను ఏళ్ల తరబడి ఈ విధంగా పరీక్షించి ఫలితాలను ప్రచురించింది. షెడ్యూలింగ్ పత్రాలలో, అంటే పదార్థాన్ని నియంత్రణ జాబితాలో చేర్చే పత్రాలలో, ఇటువంటి ఫలితాలకు పెద్ద బరువు ఉంటుంది.

దీని పరిమితి కూడా ఇక్కడే చెప్పాలి. మనం అడిగిన ప్రశ్న "ఇది టీహెచ్‌సీలా అనిపిస్తోందా" అన్నది. ఎలుక దానికే జవాబిచ్చింది. ఆ పదార్థం మూర్ఛ తెప్పిస్తుందా, మూత్రపిండాలను దెబ్బతీస్తుందా అని మనం అడగలేదు కనుక ఎలుక చెప్పలేదు. "టీహెచ్‌సీ లాంటిదని పరీక్షలో తేలింది" అన్న వాక్యాన్ని "గంజాయి అంత ప్రమాదమే" అని చదువుకోవడం ఈ విషయంలో తరచూ కనిపించే పొరపాటు. దాని మూల్యం చిన్నది కాదు.

మీట నొక్కి మందును తనంతట తాను ఎక్కించుకునే పరీక్ష ఎందుకు ప్రధానం కాలేదు?

కొకైన్, హెరాయిన్ వంటివాటికి ఆ పరీక్షే అసలు కొలమానం. జంతువు మీట నొక్కిన ప్రతిసారీ కొద్ది మందు నేరుగా రక్తనాళంలోకి వెళ్లేలా అమర్చుతారు. నచ్చితే అది మళ్లీ నొక్కుతుంది. కాని టీహెచ్‌సీ విషయంలో ఎలుకలు చాలాకాలం సహకరించలేదు. అమెరికా జాతీయ మాదకద్రవ్య దుర్వినియోగ సంస్థలో స్క్విరల్ కోతుల మీద జరిగి 2000లో వెలువడిన అధ్యయనంతో గాని టీహెచ్‌సీని జంతువులు కోరి ఎక్కించుకుంటాయని ఒప్పించే రుజువు దొరకలేదు. జేడబ్ల్యూహెచ్-018ను ఎలుకలు, చుంచెలుకలు ఎక్కించుకుంటాయని 2015లో ఇటలీలోని కాల్యారి పరిశోధకులు చూపారు. అయినా ఫలితాలు మోతాదునుబట్టి మారుతూ ఉంటాయి. తక్కువ మోతాదులో ఇష్టపడిన పదార్థాన్నే ఎక్కువ మోతాదులో జంతువు తప్పించుకుంటుంది. ఒక గదిలో మందు, మరో గదిలో ఉప్పునీరు ఇచ్చి, తరువాత ఏ గదికి వెళుతుందో చూసే పరీక్షలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. కనుక ఈ పరీక్షలో ఫలితం రాకపోయినంత మాత్రాన పదార్థం సురక్షితమని ఎవరూ నిర్ధారించరాదు.

శరీరం అలవాటు పడటాన్ని, మానేసినప్పటి బాధలను ఎలా చూస్తారు?

జంతువులకు కొన్ని రోజులపాటు వరుసగా మందు ఇచ్చి, అదే మోతాదు క్రమంగా తక్కువ పనిచేస్తోందా అని చూస్తారు. ఆ తరువాత రిమోనబాంట్ ఇచ్చి గ్రాహకాలను ఒక్కసారిగా మూసివేస్తారు. శరీరం మందు మీద ఆధారపడి ఉంటే తల విదిలించడం, ముందుకాళ్లు వణకడం వంటి లక్షణాలు బయటపడతాయి. మనుషులలో ఇదే స్థితి ఆందోళన, చిరాకు, నిద్రలేమి, చెమటలు, వాంతులుగా కనిపిస్తుంది. న్యూజిలాండ్‌లో ఈ పొట్లాలు చట్టబద్ధంగా అమ్ముడైన రోజులలో, వాటిని మానలేక వైద్య సహాయం కోసం వచ్చిన వారి గురించి అక్కడి వైద్యులు రాశారు. రోజూ వాడేవారిలో ఈ లక్షణాలు గంజాయి మానినప్పటి కంటే త్వరగా, తీవ్రంగా వస్తాయి.

మనుషుల మీద ప్రయోగాలు చేస్తారా?

మెదడు మీద పనిచేసే కొత్త మందు అనుమతికి వచ్చినప్పుడు చేస్తారు. గతంలో మత్తు పదార్థాలు సరదాకు వాడిన అనుభవం ఉన్న స్వచ్ఛంద అభ్యర్థులకు, ఎవరికి ఏది ఇచ్చారో వారికీ పరిశోధకులకూ తెలియని విధంగా, కొత్త మందును, పనిచేయని మాత్రను, దుర్వినియోగం అవుతుందని ఇప్పటికే తెలిసిన మరో మందును వేర్వేరు రోజులలో ఇస్తారు. ప్రతిసారీ 0 నుంచి 100 వరకు ఉన్న గీత మీద "ఈ క్షణంలో ఇది నాకు ఎంత నచ్చుతోంది" అని గుర్తుపెట్టమంటారు. 50 అంటే నచ్చడమూ లేదు, నచ్చకపోవడమూ లేదు. "మళ్లీ తీసుకుంటారా" అని మరునాడు కూడా అడుగుతారు. ఈ పద్ధతిని వివరిస్తూ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017 జనవరిలో మార్గదర్శక పత్రం వెలువరించింది.

వీధి సింథటిక్ కెనాబినాయిడ్లకు ఇది చాలావరకు అసాధ్యం. జంతువులలో విషప్రభావ పరీక్షలు పూర్తికాని, మూర్ఛలు తెప్పించగల పదార్థాన్ని మనిషికి ఇవ్వడానికి ఏ నైతిక సంఘమూ అంగీకరించదు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం తక్కువ మోతాదులలో జేడబ్ల్యూహెచ్-018ను గంజాయి అనుభవమున్న వారికి ఇచ్చి చేసిన అధ్యయనాలు అరుదైన మినహాయింపు. మిగిలినచోట్ల మనిషి నుంచి వచ్చే సాక్ష్యం ఆస్పత్రి అత్యవసర విభాగాలు, విష సమాచార కేంద్రాలు, ఫోరెన్సిక్ ప్రయోగశాలలు, శవపరీక్షలు, పాఠశాలల సర్వేల ద్వారానే వస్తుంది. అమెరికాలో ఈ పదార్థాలతో ముడిపడి అత్యవసర విభాగాలకు వచ్చిన సందర్శనలు 2010లో 11,406గా, 2011లో 28,531గా అంచనా వేశారు. పాఠశాల చివరి ఏడాది విద్యార్థులలో, గడచిన సంవత్సరంలో ఒక్కసారైనా వాడామన్నవారు 2011లో 11.4 శాతం.

వాడినవారే గంజాయిని ఎక్కువగా ఇష్టపడుతున్నప్పుడు, వీటికి దుర్వినియోగ సంభావ్యత ఎక్కువని ఎలా అంటారు?

ఇది ఈ పేజీలో అన్నిటికంటే మంచి ప్రశ్న. 2013లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ ఆన్‌లైన్ సర్వేలో, రెండూ వాడినవారిలో 93 శాతం సహజ గంజాయే మేలన్నారు. అదే పరిశోధక వర్గం తరువాత వేసిన అంచనా ప్రకారం, సింథటిక్ కెనాబినాయిడ్ల వల్ల అత్యవసర వైద్యం అవసరపడే ముప్పు గంజాయితో పోలిస్తే సుమారు 30 రెట్లు. నచ్చదు, పైగా హాని ఎక్కువ. అయినా ఎందుకు వాడతారు?

జవాబు రసాయనంలో కొంతే ఉంది. మామూలు మూత్రపరీక్ష టీహెచ్‌సీ విరిగినప్పుడు పుట్టే పదార్థాన్నే పట్టుకుంటుంది, వీటిని పట్టుకోలేదు. కనుక పరీక్షలకు గురయ్యే సైనికులు, షరతులతో విడుదలైన నేరస్థులు, ఖైదీలు వీటివైపు మొగ్గారు. కాగితానికి రసాయనం పట్టించి ఉత్తరాల రూపంలో జైళ్లలోకి పంపడం బ్రిటన్‌లో పెద్ద సమస్యగా మారింది. ధర తక్కువ. చాలాకాలం పెట్రోలు బంకుల దుకాణాలలో బహిరంగంగా దొరికేవి. ఇళ్లు లేనివారికి, కొద్ది గంటలపాటు స్పృహ నుంచి తప్పుకోవడమే కావలసినవారికి, "బాగా నచ్చడం" అసలు కొలమానమే కాదు. 0 నుంచి 100 గీత మీద కొలిచే ఇష్టం, చేతిలో డబ్బు, ఎదుట ఎంపిక ఉన్న మనిషి ఇష్టం. ఎంపిక లేనివాడి వాడకాన్ని అది ముందుగా చెప్పలేదు. అందువల్లనే చట్టం చెప్పిన ఎనిమిది అంశాలలో వాడకం చరిత్రకు, విస్తృతికి వేరుగా చోటిచ్చారు. ఆ రెండు అంశాలను ప్రయోగశాల అంశాల తోకగా చూడటం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను.

శుద్ధ రసాయనం మీద చేసిన పరీక్ష, వీధిలో అమ్మే పొట్లానికి వర్తిస్తుందా?

పాక్షికంగానే వర్తిస్తుంది. ప్రయోగశాలలో పదార్థం పేరు తెలుసు, శుద్ధత తెలుసు, మోతాదు తెలుసు. పొట్లంలో ఈ మూడూ తెలియవు. రసాయనాన్ని ద్రావకంలో కరిగించి ఎండుటాకు మీద చల్లుతారు. అది అన్నిచోట్లా సమంగా పడదు. ఒకే పొట్లంలో ఒక చిటికెడు ఏమీ చేయకపోవచ్చు, పక్కనే ఉన్న చిటికెడు స్పృహ తప్పించవచ్చు. పైపెచ్చు వీటిని కాల్చి పీలుస్తారు. ఎక్స్‌ఎల్‌ఆర్-11, యూఆర్-144 వంటివి వేడికి రూపం మారి, సీబీ1 మీద మరింత బలంగా పనిచేసే పదార్థాలను ఇస్తాయని తేలింది. ఎలుకకు సూదితో ఇచ్చినది ఒకటి, మనిషి ఊపిరితిత్తులలోకి వెళ్లినది మరొకటి.

2016 జూలై 12న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒకే పరిసరంలో 33 మంది ఒకే రకమైన పొట్లం వాడి, శూన్యంలోకి చూస్తూ, మూలుగుతూ, నెమ్మదిగా యంత్రాల్లా కదులుతూ కనిపించారు. 18 మందిని ఆస్పత్రులకు తరలించారు. పరీక్షించిన రోగుల రక్తంలో అసలు పదార్థం దొరకలేదు. అది శరీరంలో విరిగితే మిగిలే రూపాన్ని గుర్తించి, పొట్లంలోని ఆకుతో సరిపోల్చి, అది ఏఎంబీ-ఫుబినాకా అనే సింథటిక్ కెనాబినాయిడ్ అని తేల్చారు. అమెరికా మాదకద్రవ్య నిరోధక సంస్థ దాన్ని పేరు పెట్టి తాత్కాలిక జాబితాలో చేర్చింది 2017 నవంబరులో. మధ్యలో దాదాపు పదహారు నెలలు గడిచాయి.

2018లో ఇల్లినాయ్ రాష్ట్రంలో మరో తరహా ప్రమాదం జరిగింది. పొట్లాలలో బ్రోడిఫాకూమ్ అనే ఎలుకల మందు కలిసి, 150 మందికి పైగా తీవ్ర రక్తస్రావంతో ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు మరణించారు. ఏ కెనాబినాయిడ్ దుర్వినియోగ సంభావ్యతను ఎంత జాగ్రత్తగా కొలిచినా ఈ ముప్పు ఆ కొలతలోకి రాదు.

అన్ని పరీక్షలూ పూర్తయ్యే వరకు నిషేధం ఆగుతుందా?

ఆగదు. తక్షణ ప్రమాదం ఉందనుకుంటే, పైన చెప్పిన ఎనిమిదింటిలో మూడు అంశాలనే, అంటే దుర్వినియోగ చరిత్ర, దాని విస్తృతి, ప్రజారోగ్యానికి ముప్పు, పరిశీలించి తాత్కాలికంగా షెడ్యూల్ 1లో (అన్నిటికంటే కఠినమైన నియంత్రణ జాబితాలో; సంఖ్య పెరిగేకొద్దీ నియంత్రణ సడలుతుంది) చేర్చే అధికారం అమెరికా చట్టం ఇస్తుంది. 2011 మార్చి 1న జేడబ్ల్యూహెచ్-018తో కలిపి ఐదు పదార్థాలను ఈ విధంగానే చేర్చారు. ఇప్పటి నియమం ప్రకారం ఆ ఉత్తర్వు రెండేళ్లు ఉంటుంది, మరో ఏడాది పొడిగించవచ్చు. ఈలోగా పూర్తి మూల్యాంకనం జరగాలి. దీనికి ఒక మూల్యం ఉంది. షెడ్యూల్ 1లో చేరిన పదార్థం మీద పరిశోధన చేయడానికి ప్రత్యేక అనుమతులు కావాలి కనుక, దాన్ని గురించి తెలుసుకోవలసిన సమయంలోనే తెలుసుకోవడం కష్టమవుతుంది. ఒక పదార్థాన్ని నిషేధించేసరికి తయారీదారులు అణువులో ఒక కొమ్మ మార్చి మరొకటి దించుతారు. చైనా 2021 జూలైలో ఈ తరగతి మొత్తాన్నీ నిర్మాణాల ఆధారంగా నిషేధించిన తరువాత, ఆ నిర్వచనంలో ఇమడని నిర్మాణాలు వచ్చాయి.

అన్ని సింథటిక్ కెనాబినాయిడ్లూ నిషిద్ధమేనా?

అన్నీ నిషిద్ధం కావు. కృత్రిమంగా తయారుచేసిన టీహెచ్‌సీయే డ్రోనబినాల్. కీమోథెరపీ వాంతులకు దాని గుళిక 1985లో అమెరికాలో అనుమతి పొందింది. మొదట షెడ్యూల్ 2లో ఉన్న ఆ గుళికను, నువ్వులనూనెలో కలిపి ఉన్నందువల్ల దుర్వినియోగం కష్టమనీ, వీధిలో దానికి గిరాకీ పెద్దగా లేదనీ గమనించి, 1999లో షెడ్యూల్ 3కు మార్చారు. అదే డ్రోనబినాల్ ద్రవరూపం షెడ్యూల్ 2లోనే ఉంది. నబిలోన్ అనే మరో మందూ అక్కడే ఉంది. అణువు ఒక్కటే అయినా దాన్ని ఏ రూపంలో అమ్ముతున్నారన్నదానిని బట్టి దుర్వినియోగ సంభావ్యత మారుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

ప్రమాదం తక్కువని నిరూపిస్తే అమ్ముకోనిస్తామన్న దేశం ఏదైనా ఉందా?

న్యూజిలాండ్ 2013లో అటువంటి చట్టమే చేసింది. నిరూపించే భారం తయారీదారు మీద పెట్టి, ఈలోగా కొన్ని ఉత్పత్తులకు తాత్కాలిక అనుమతి ఇచ్చింది. ప్రజల నుంచి తీవ్ర వ్యతిరేకత రావడంతో 2014 మేలో ఆ అనుమతులన్నీ రద్దయ్యాయి. ఆమోదం కోసం జంతువుల మీద చేసిన పరీక్షల ఫలితాలను వాడరాదని కూడా అప్పుడే సవరించారు. జంతు పరీక్ష లేకుండా మనిషి మీద పరీక్ష నైతికంగా సాధ్యం కాదు కనుక, ఆ తలుపు కాగితం మీద తెరిచి ఉన్నా నిజానికి మూసుకుపోయింది.

భారతదేశంలో చట్టం ఏమంటుంది?

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే మొక్క నుంచి వచ్చినదే. సింథటిక్ కెనాబినాయిడ్ ఆ నిర్వచనంలోకి రాదు. మనఃప్రభావక పదార్థాల జాబితాలో పేరుంటేనే అది నేరపరిధిలోకి వస్తుంది. ఆ జాబితాలో చేర్చే, తొలగించే అధికారాన్ని 3వ సెక్షన్ కేంద్ర ప్రభుత్వానికి ఇస్తుంది. పదార్థం స్వభావం, ప్రభావాలు, దుర్వినియోగం లేదా దానికి ఉన్న అవకాశం గురించి అందిన సమాచారం, సాక్ష్యం ఒక ఆధారం. అంతర్జాతీయ ఒప్పందాలలో వచ్చిన మార్పులు మరో ఆధారం. అమెరికా చట్టంలోలా ఎనిమిది అంశాల పట్టిక ఇందులో లేదు. మన విశ్వవిద్యాలయాల ఔషధశాస్త్ర విభాగాలు ఈ రంగంలో చేయగలిగిన పని చాలా ఉందని నా విన్నపం.

అమెరికాలో చదువుకుంటున్న మన విద్యార్థులకు దీనితో సంబంధం ఏమిటి?

ఎన్నో రాష్ట్రాలలో గంజాయి దుకాణాలు చట్టబద్ధంగా తెరిచి ఉండటం చూసి, పొట్లంలో ఉన్నదేదైనా అంతేలే అనుకునే ప్రమాదం ఉంది. వలస చట్టం సమాఖ్య జాబితాను చూస్తుంది, రాష్ట్ర చట్టాన్ని కాదు. నియంత్రిత పదార్థాల నేరంలో శిక్ష పడితే విదేశీయులను దేశం నుంచి పంపివేయవచ్చు. దీనికున్న చిన్న మినహాయింపు, సొంత వాడకానికి 30 గ్రాముల లోపు మారిజువానా ఒకే ఒక్కసారి దగ్గర ఉంచుకున్న సందర్భానికే. ఆ మినహాయింపు వాక్యంలో సింథటిక్ కెనాబినాయిడ్ల పేరు లేదు. అటువంటి చిక్కులో పడినవారు నేరం ఒప్పుకునే ముందే వలస న్యాయవాదిని సంప్రదించాలి.

ఎవరైనా వీటిని తీసుకుని అస్వస్థులైతే ఏం చేయాలి?

గుండెదడ, మూర్ఛ, విపరీతమైన ఆందోళన, ఛాతీనొప్పి, పిలిచినా పలకకపోవడం, ముక్కునుంచో చిగుళ్లనుంచో రక్తం కారడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా మన దేశంలో 108కి, అమెరికాలో 911కి ఫోన్ చేయాలి. స్పృహలో లేని మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వాంతి చేయించే ప్రయత్నం చేయరాదు. ఈ పదార్థాలకు విరుగుడు మందు లేదు. నల్లమందు జాతి మత్తుకు ఇచ్చే నాలోక్సోన్ వీటి మీద పనిచేయదు, అయితే పొట్లంలో ఏం కలిసిందో తెలియదు కనుక ఊపిరి మందగించినప్పుడు దాన్ని ఇవ్వడంలో తప్పులేదు. వైద్యులు మూర్ఛను, ఆందోళనను మందులతో అదుపుచేసి, గుండెను, మూత్రపిండాలను గమనిస్తూ ఉంటారు. 2012లో అమెరికాలో ఆరు రాష్ట్రాలలో 16 మందికి ఈ పదార్థాలు వాడాక మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతిన్న సంగతి అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం నమోదు చేసింది.

మూత్రపరీక్షలో గంజాయి లేదని వచ్చినంత మాత్రాన మత్తు పదార్థమేదీ తీసుకోలేదని కుటుంబం నిశ్చింతపడరాదు, ఆ మాటే వైద్యునికి చెప్పి దారి మళ్లించనూ రాదు. మిగిలిన ఆకు, ఖాళీ పొట్లం, ఈ-సిగరెట్ ద్రవం ఏది దొరికినా పారేయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. బ్రూక్లిన్‌లో కారణం తెలియడానికి రోగుల రక్తంతో పాటు దొరికిన ఆ పొట్లమే ఆధారమైంది. మానాలనుకునేవారికి, వారి కుటుంబాలకు జాతీయ వ్యసన విముక్తి సహాయ సంఖ్య 14446 ఉచితంగా అందుబాటులో ఉంది.